మీ చేని పత్తి కట్టెకు వెల కట్టువారెవరు?



గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం ప్రాంతముల నల్లరేగడి భూములలో పత్తి తీతలు ముగియగానే చేనిలో మిగులునది కట్టె. మిరప కోతలు అయిన పిదప మిరప కట్టె, కంది నూర్పిడి అయిన పిదప కంది కంప కూడ అట్లే మిగులును. వెనుకటి రోజులలో ఇది ఇంటి పొయ్యిలోనికి పోయెడిది. వంటగ్యాసు వచ్చిన తరువాత చాలమంది దానిని గట్టున కుప్పవేసి నిప్పు పెట్టుచున్నారు.

పత్తికి, మిరపకు ధర మార్కెట్ యార్డులో తేలునని మీకు తెలియును. కట్టెకు మాత్రము ధర అక్కడ తేలదు. కట్టెను కాల్చి కరెంటు తీయు కేంద్రము దానికి ఎంత ఇచ్చుకొనగలదో, ఆ కరెంటుకు విద్యుత్ నియంత్రణ కమిషను కట్టు ధరను బట్టి ఉండును. ఆ కమిషను ఎదుట ఒకవైపు ఉత్పత్తిదారుల సంఘము, మరియొకవైపు కరెంటు కొను పంపిణీ సంస్థలు నిలిచి వాదించును. రైతు సంఘములు కూడ కమిషను విచారణలకు పోవుచున్నవి. అయితే ఉచిత విద్యుత్తును గూర్చి, ట్రాన్స్‌ఫార్మర్లను గూర్చి మాటలాడుటకే పోవుట పరిపాటి. కట్టె ధర కూడ అక్కడి మాటయే అని తెలియజెప్పుట ఈ వ్యాసము ఉద్దేశము.

కట్టెకు, వాతావరణమునకు సంబంధమేమి?

పైరు పెరుగునపుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని కట్టెగా మార్చుకొనును. ఆ కట్టెను కాల్చినపుడు అదే వాయువు తిరిగి గాలిలో కలియును. మరుసటి ఏడు పైరు దానిని మరల పీల్చుకొనును. నేలబొగ్గు సంగతి వేరు. అది కోట్ల ఏండ్లుగా భూగర్భములో ఉన్నది. దానిని తవ్వి కాల్చినపుడు వచ్చు వాయువు గాలికి కొత్తగా చేరును. అది సూర్యుని వేడిని పట్టి ఉంచును. అందుచేత బొగ్గుకు బదులు కట్టెతో కరెంటు తీసిన ఆ మేరకు మేలు. అదే కట్టెను గట్టున తగులబెట్టినచో వాయువు వెలువడుటయే కాని బొగ్గు ఏ మాత్రము ఆదా కాదు, పైగా పొగ.

ఈ వేడిమి మాట దూరదేశపు మాట కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద తీరము దాటినపుడు చేతికి వచ్చిన పత్తి, కల్లములలోని మిరప, పొగాకు ఎట్లు తడిసిపోయినవో మీరెరుగుదురు. ఏ ఒక్క తుపానుకూ వేడిమియే కారణమని చెప్పరాదు. కాని సముద్రము వేడెక్కిన కొలది తుపానులు బలపడుటకు, ఒక్కమారుగా కుండపోత వానలు కురియుటకు అవకాశము పెరుగునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

ప్రపంచ దేశములు 1992లో వాతావరణమును గూర్చి ఒక ఒడంబడికకు వచ్చినవి. 1997లో జపానులోని క్యోటో నగరమున మరియొక ఒప్పందము కుదిరి, 2005 ఫిబ్రవరి 16న అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ధనిక దేశములు మనవంటి దేశములలోని మంచి ప్రాజెక్టుల నుండి ‘కార్బన్ క్రెడిట్లు’ కొనుటకు వీలు కలిగినది. ఒక టన్ను వాయువును తగ్గించినచో ఒక క్రెడిట్. అప్పటి ప్రకాశం జిల్లా సంతమాగులూరు మండలము తంగెడుమల్లిలో క్లారియన్ సంస్థ నెలకొల్పిన 12 మెగావాట్ల బయోమాస్ కేంద్రము ఈ పద్ధతి క్రింద నమోదయినది. చేని కట్టె లెక్క ఆ విధముగా ఐక్యరాజ్యసమితి పుస్తకములకు ఎక్కినది.

మన దేశములో 2003 విద్యుత్ చట్టము వచ్చినది. దానిలోని 86వ సెక్షను ప్రకారము రాష్ట్ర కమిషను పునరుత్పాదక విద్యుత్తును ప్రోత్సహించవలెను. పంపిణీ సంస్థలు తమ కరెంటులో ఇంత శాతము అట్టి కేంద్రముల నుండి కొనవలెనని నిర్ణయించవలెను. కట్టె కరెంటు కూడ ఈ కోవలోనిదే.

కట్టె కేంద్రము లెక్క

గుంటూరు జిల్లా మేడికొండూరు మండలము దోకిపర్రులో జోసిల్ సంస్థ 6 మెగావాట్ల బయోమాస్ కేంద్రమును నెలకొల్పినది. అంతటి కేంద్రమునకు ఎంత కట్టె కావలెనో చూతము. 6 మెగావాట్లనగా గంటకు 6,000 యూనిట్లు. రోజుకు 24 గంటలు, ఏటికి 300 రోజులు నడచినచో 4 కోట్ల 32 లక్షల యూనిట్లు. యూనిటుకు సుమారు ఒకటింపాతిక కిలోల కట్టె అనుకొనిన, ఏడాదికి 54,000 టన్నులు కావలెను. ఎకరమునకు టన్ను వంతున పత్తి కట్టె వచ్చుననుకొనిన, 54,000 ఎకరముల చేలు దానికి మేత కావలెను.

ఈ లెక్క నుండి రెండు విషయములు గ్రహింపవలెను. మొదటిది, రైతు కట్టె లేనిదే ఆ కేంద్రము నడువదు. రెండవది, కట్టె ధర టన్నుకు నూరు రూపాయలు పెరిగినచో కరెంటు ఖర్చు యూనిటుకు పండ్రెండున్నర పైసలు పెరుగును. అనగా కేంద్రమునకు ఏటికి 54 లక్షల రూపాయల భారము. పైసల కొరకు సంవత్సరముల తరబడి వ్యాజ్యములు నడచుట ఇందువలననే.

సంఘము చేయు పని

ఒక్కొక్క కేంద్రము వేరువేరుగా పోరాడుటకంటె అందరు కలిసి సంఘముగా నిలుచుట మేలని ఉత్పత్తిదారులు గ్రహించిరి. మన రాష్ట్రములో బయోమాస్ ఎనర్జీ డెవలపర్స్ అసోసియేషన్ అట్టి సంఘము. ఇట్టి సంఘముల పని తీరు ఈ విధముగా ఉండును.

సంఘము తన సభ్యుల నుండి ఖర్చుల వివరములు సేకరించును. కిలో కట్టె కాలినచో ఎంత వేడి వచ్చును? యూనిటు కరెంటుకు ఎంత వేడి కావలెను? కేంద్రము తన సొంత యంత్రములకే ఎంత కరెంటు వాడుకొనును? కట్టె ధర ఎంత? ఈ నాలుగు అంకెలు చేత పట్టుకొని కమిషనుకు అర్జీ దాఖలు చేయును. న్యాయవాదులను, ఇంజనీర్లను వెంట తెచ్చును. కమిషను ఉత్తరువు నచ్చనిచో ఢిల్లీలోని విద్యుత్ అప్పీలు ట్రైబ్యునలుకు, అక్కడి నుండి సుప్రీంకోర్టుకు పోవును. ఇంకొకవైపు మంత్రిత్వ శాఖలకు విజ్ఞాపనలు పంపును. పంపిణీ సంస్థలు ఎదురు వాదించును. కరెంటుకు ఎక్కువ ధర ఇచ్చినచో ఆ భారము వినియోగదారుల మీదనే పడునని వాటి వాదము.

వ్యాజ్యము నడచిన తీరు

కేంద్ర మంత్రిత్వ శాఖ సూచనలను అనుసరించి రాష్ట్ర ప్రభుత్వము 1997 నవంబరులో ఇట్టి కరెంటుకు యూనిటు రూ. 2.25 చొప్పున, ఏటేటా 5 శాతము పెంపుతో ధర ఇచ్చుటకు ఉత్తరువు వేసినది. ఆ ధరను చూచి పలువురు కేంద్రములు కట్టిరి. 1999లో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషను ఏర్పడినది. 2001 జూన్ 20న కమిషను, ఈ కేంద్రములు తమ కరెంటును ట్రాన్స్‌కోకే అమ్మవలెనని, ధరను 2004 ఏప్రిల్ 1 నుండి తిరిగి సమీక్షింతుమని చెప్పినది.

2004 మార్చి 20న కొత్త ధరలు వచ్చినవి. ఈమారు ధరను రెండు పాళ్లుగా విడదీసిరి. మొదటిది స్థిర వ్యయము: అప్పు, వడ్డీ, యంత్రముల అరుగుదల వంటివి. రెండవది చర వ్యయము: అనగా కట్టె ఖర్చు. ఆనాటి నుండి కట్టె ధర టారిఫ్ ఉత్తరువులోనే ఒక అంకెగా నిలిచినది.

కొత్త ధరలు తమకు గిట్టవని ఉత్పత్తిదారులు అప్పీలు చేసిరి. 2006 జూన్ 2న ట్రైబ్యునలు వారి పక్షమున తీర్పు చెప్పినది. ట్రాన్స్‌కో, పంపిణీ సంస్థలు సుప్రీంకోర్టుకు పోయినవి. 2010 జూలై 8న సుప్రీంకోర్టు ట్రైబ్యునలు తీర్పును త్రోసివేసి, ధరను సమీక్షించు అధికారము కమిషనుకు కలదని చెప్పి, విషయమును తిరిగి విచారించుటకు కమిషనుకే పంపినది. ఆ తరువాత కట్టె ఖర్చును గూర్చి మరల అప్పీళ్లు నడచి, 2012 డిసెంబరు 20న ట్రైబ్యునలు మరియొక తీర్పు ఇచ్చినది. పైన చెప్పిన నాలుగు అంకెలే ఆ వాదముల కేంద్రము. ఇంతలో రాష్ట్రములో పలు బయోమాస్ కేంద్రములు ఖర్చులు గిట్టక మూతపడినవి. ఆ చుట్టుపట్ల రైతులకు కట్టె కొనువారు లేకపోయిరి.

గాలి, సౌర విద్యుత్తుల విషయములో కూడ ఇట్టిదే జరిగినది. 2019 జూలై 1న రాష్ట్ర ప్రభుత్వము పాత ఒప్పందముల ధరలను తగ్గించుటకు ఒక సంఘమును వేసినది. ఉత్పత్తిదారులు హైకోర్టుకు పోగా, గాలి కరెంటుకు రూ. 2.43, సౌర కరెంటుకు రూ. 2.44 తాత్కాలికముగా చెల్లించుడని ఆ సెప్టెంబరులో కోర్టు చెప్పినది. 2022 మార్చి 15న డివిజన్ బెంచి, ఒప్పందములో వ్రాసుకొన్న పూర్తి ధరనే చెల్లించవలెనని తీర్పు ఇచ్చినది. సంఘటితముగా, కాగితములతో పోరాడువారు ఎంత దూరము పోగలరో దీనివలన తెలియును.

సంఘము వాదములో రైతు పాలు

కరెంటుకు ధర పెంచినచో రైతు కట్టెకు మంచి ధర ఇయ్యగలమని ఉత్పత్తిదారులు చెప్పుదురు. ఇందులో సగము నిజము కలదు. టారిఫ్‌లో కట్టె ధర మరీ తక్కువగా వేసినచో కేంద్రము రైతుకు ఎక్కువ ఇయ్యజాలదు. ఇచ్చినచో నష్టపడి మూతపడును. కాని రెండవ సగము కూడ చూడవలెను. టారిఫ్‌లో కట్టె ధర పెరిగినంత మాత్రమున ఆ పెరుగుదల రైతుకు చేరితీరునని హామీ లేదు. చేనికి, కేంద్రము గేటుకు నడుమ కూలి, లారీ, దళారి ఉన్నారు.

లెక్క చూపుటకు మాత్రమే కొన్ని అంకెలు వేసికొందము. గేటు వద్ద టన్ను కట్టెకు రూ. 2,500 అనుకొనుడు. కోత, ముక్కలు చేయుట రూ. 900, ఎగుమతి కూలి రూ. 300, లారీ బాడుగ రూ. 700; దళారికి రూ. 200. మొత్తము రూ. 2,100 పోగా రైతుకు మిగులునది రూ. 400. ఇప్పుడు గేటు ధర నూరు రూపాయలు పెరిగి ఆ నూరును రైతుకే చేరినచో అతని రాబడి నాలుగవ వంతు పెరిగినట్లు. ఆ నూరు దళారి వద్ద ఆగిపోయినచో అతనికి కానీ కూడ లాభము లేదు. కనుక టారిఫ్‌లో ఎంత వేసిరో, తనకు ఎంత ముట్టినదో రైతు పోల్చి చూచుకొనవలెను.

మరియొక సంగతి. రైతు కట్టెను అమ్మువాడే గాక కరెంటు కొనువాడు కూడ. 2004 నుండి పొలము మోటారుకు ఉచిత విద్యుత్తు కలదు. కాని దాని ఖర్చును ప్రభుత్వము ఖజానా నుండి భరించుచున్నది. ఇంటి కరెంటు బిల్లు మీరే కట్టుచున్నారు. కావున ధర ఎంత పెంచినను మంచిదేనని అనరాదు. కట్టెకు న్యాయమైన ధర, కరెంటుకు నిజమైన ఖర్చు, ఈ రెండును తూచవలెను.

కొత్తగా వచ్చుచున్న కొనుగోలుదారులు

కట్టె కరెంటు కేంద్రములు తగ్గినను కొత్త దారులు తెరచుకొనుచున్నవి. 2021 అక్టోబరు 8న కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ, బొగ్గు విద్యుత్ కేంద్రములు తమ బొగ్గులో కొంత శాతము పంట వ్యర్థములతో చేసిన గుళికలను కలిపి కాల్చవలెనని ఆదేశించినది. పత్తి కట్టె, మిరప కట్టె, కంది కంప గుళికలు చేయుటకు తగినవే.

2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వము, నగర గ్యాసు సంస్థలు తమ గ్యాసులో పంట వ్యర్థముల నుండి, పేడ నుండి తీసిన బయోగ్యాసును 2025–26లో 1 శాతము, తరువాతి ఏడు 3 శాతము, అటుపై 4 శాతము, 2028–29 నుండి 5 శాతము కలుపవలెనని నిర్ణయించినది. 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము సమగ్ర శుద్ధ ఇంధన విధానమును ప్రకటించినది. 2025 ఏప్రిల్ 2న కనిగిరి ప్రాంతములోని పి.సి.పల్లి మండలము దివాకరపల్లిలో రిలయన్స్ బయోగ్యాసు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. ఈ పరిశ్రమకు కూడ ఇండియన్ బయోగ్యాస్ అసోసియేషన్ వంటి సంఘములు ఉన్నవి. ఒక హెచ్చరిక: పత్తి కట్టె చేవ గల కర్ర, గ్యాసు తొట్టిలో అది సులభముగా మురుగదు. గ్యాసు కర్మాగారమునకు గడ్డి, పేడ, వరిగడ్డి అనుకూలము. పత్తి కట్టెకు బాయిలరు, గుళికల మిల్లు అనుకూలము. ఎవరు ఏది కొందురో తెలిసికొనకుండ ఒప్పందము వ్రాయరాదు.

అమ్ముటకు ముందు చేనిని చూచుకొనుడు

ధర వచ్చునని కట్టెను నెలల తరబడి గట్టున పేర్చి ఉంచుట ప్రమాదకరము. గులాబీరంగు కాయతొలుచు పురుగు విప్పని కాయలలో, ఎండిన గుల్లలలో దాగి నిద్రావస్థలో ఉండును. కుప్పలు నిలువ ఉన్నచో వచ్చు ఏడు పంటకు అదియే విత్తనము. పంటను డిసెంబరు, జనవరి నెలలతో ముగించి కట్టెను తీసివేయవలెను. కొనువాడు వెంటనే ఎత్తుకొనిపోవునట్లు ఏర్పాటున్నచో అమ్ముడు. లేనిచో ష్రెడ్డరుతో ముక్కలు చేసి నేలలో కలియదున్నుడు. సేంద్రియ పదార్థము తక్కువయిన నేలలో ఏటేటా కట్టెనంతయు అమ్ముట మంచిది కాదు. కొంత నేలకు తిరిగి ఇయ్యవలెను.

కట్టె కాలినపుడు నత్రజని గాలిలో కలిసిపోవును. పొటాషు, సున్నము, కొంత భాస్వరము బూడిదలో మిగులును. కావున కేంద్రము నుండి బూడిదను తిరిగి ఇచ్చునట్లు ఒప్పందములో వ్రాయించుకొనుడు. చౌడు నేలలకు దానిని వేయరాదు. మట్టి పరీక్ష చేయించి వాడుడు.

రైతులు, గ్రామోద్యోగులు చేయవలసినది

1. గ్రామములో ఎన్ని ఎకరముల పత్తి, మిరప, కంది కలదో, కట్టె ఎంత వచ్చునో, ఎంత కాల్చుచున్నారో గ్రామ వ్యవసాయ సహాయకుల సాయముతో ఒక పట్టిక వ్రాయుడు.

2. కట్టె అమ్మినపుడు తూకము చీటీ, తేదీ, దూరము, ధర, చేతికి వచ్చిన సొమ్ము ఒక పుస్తకములో వ్రాసి ఉంచుడు. సంఘము తన అంకెలతో వచ్చును. మీ అంకెలు మీ వద్ద ఉండవలెను.

3. పంపిణీ సంస్థలు ఏటా నవంబరు చివర తమ ఆదాయ వ్యయముల అర్జీని కమిషనుకు సమర్పించుట ఆనవాయితీ. మన ప్రాంతమునకు విజయవాడ ప్రధాన కార్యాలయముగా గల మధ్య ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ కలదు. ఆ పిదప ప్రజల అభ్యంతరములను కోరుచు ప్రకటనలు దినపత్రికలలో వచ్చును. కట్టె కరెంటు ధరను గూర్చిన విచారణలకు వేరుగా ప్రకటన వచ్చును. గ్రామోద్యోగులు వాటిని కత్తిరించి సచివాలయము గోడపై అంటించినచో మేలు.

4. చట్టము 64వ సెక్షను ప్రకారము, ప్రజల సూచనలు, అభ్యంతరములు పరిశీలించిన మీదటనే కమిషను టారిఫ్ ఉత్తరువు ఇయ్యవలెను. తెలుగులో వ్రాయవచ్చును. ఒక ప్రతి పంపిణీ సంస్థకు పంపి, పంపిన రుజువుతో మరియొక ప్రతి కమిషను కార్యదర్శికి పంపుడు. మాటలాడదలచినచో ఆ సంగతి అందులోనే వ్రాయుడు.

5. ఒక్కరుగా గాక సహకార సంఘము, లేక రైతు ఉత్పత్తిదారుల సంఘము పేర వ్రాయుడు. మూడు కోరికలు ముఖ్యము: టారిఫ్‌లో వేసిన కట్టె ధరను గ్రామములలో ప్రకటించవలెను; కేంద్రముల కొనుగోలు పుస్తకములను తనిఖీ చేయవలెను; సొమ్ము నేరుగా రైతు బ్యాంకు ఖాతాలో పడవలెను.

ఉత్పత్తిదారుల సంఘములు తమ సభ్యుల మేలు కోరుట తప్పు కాదు. సంఘము ఉన్నది అందుకే. పంపిణీ సంస్థలు ఖర్చు తగ్గించ జూచుట కూడ తప్పు కాదు. ఇద్దరి మాటలను విని న్యాయము తేల్చుట కమిషను ధర్మము. కాని మూడవ పక్షము మాట వినిపించనిచో కమిషను దేనిని తూచగలదు? అడగనిదే అమ్మయినా పెట్టదు. ఈ ఏడు చేనిలో కట్టె తీయునపుడు దానికి నిప్పు పెట్టుటకు ముందు ఒకమారు తూచి, పుస్తకములో వ్రాయుడు. విచారణ ప్రకటన వచ్చినపుడు ఆ పుస్తకమే మీ పక్షమున మాటలాడును.